కణుపు ఉంటే కాండమే: దుంపలు, పిలకలు, తీగల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పడం నా ఉద్యోగం, మిద్దెతోట నా పిచ్చి. అందుకే రెండు రకాల మనుషులు నన్ను పట్టుకుంటారు. పిల్లలు "సార్, ఇది రైజోమా, ట్యూబరా?" అంటారు. వీధిలోవాళ్లు "ఈ తుంగ ఎంత పీకినా చావదేంటండీ?" అంటారు. రెండింటికీ జవాబు మొదలయ్యేది కణుపు దగ్గరే. ఇన్నేళ్లలో పదేపదే అడిగిన ప్రశ్నలను ఇక్కడ పెడుతున్నాను.

మట్టిలో ఉంటే వేరు, పైన ఉంటే కాండం. అంతేగా?

కాదు. అది ఎక్కడుందని కాదు, దాని మీద ఏముందని చూడాలి. కాండానికి కణుపులుంటాయి. ప్రతి కణుపు దగ్గరా ఆకు ఉంటుంది. ఆకు లేకపోతే దాని మచ్చో, పలచటి పొలుసో ఉంటుంది. ఆ సందులో ఒక మొగ్గ దాక్కుని ఉంటుంది. వేరుకు ఈ ఏర్పాటు ఉండదు.

చెరకు గడ చేత్తో పట్టుకుంటే ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది: గీతలా కణుపు, దాని మీద బొడిపెలా కన్ను. ఆ గడనే పొట్టిగా నొక్కి, లావు చేసి, మట్టిలో అడ్డంగా పడుకోబెట్టామనుకోండి, అల్లం అవుతుంది. అల్లం మీద అడ్డంగా కనిపించే రింగులు కణుపులు. వాటికి అంటుకుని ఉండే ఎండు పొరలు ఆకులు. కొమ్మకొమ్మలుగా పక్కలకు చీలినవి ఆ మొగ్గల నుంచి వచ్చినవే.

బంగాళాదుంపకు కణుపులు ఎక్కడున్నాయి?

దాని కన్నులే కణుపులు. వంటింట్లోంచి కాస్త పెద్ద దుంప ఒకటి తెచ్చుకుని వెలుతురులో చూడండి. ప్రతి కన్ను మీదా కనుబొమలాంటి సన్నటి గీత ఉంటుంది. అది పొలుసాకు రాలిన మచ్చ. దాని కింది గుంటలో మొగ్గలుంటాయి, సాధారణంగా ఒకటి కాదు, గుంపుగా. దుంప ఒక చివర బొడ్డులాంటి మచ్చ కనిపిస్తుంది. తల్లి మొక్క నుంచి మట్టిలోకి వచ్చిన తెల్లటి కొమ్మ అక్కడ అతుక్కుని ఉండేది. రెండో చివర కన్నులు ఒత్తుగా ఉంటాయి, అది కొన. ఇప్పుడు పెన్నుతో కన్ను నుంచి కన్నుకు గీత కలుపుకుంటూ పోండి. ఆ గీత దుంప చుట్టూ మెట్లు తిరిగినట్టు తిరుగుతుంది, మామూలు కొమ్మ మీద ఆకులు అమరినట్టే. క్లాసులో పావుగంట బోర్డు మీద చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క గీతతో ఎక్కుతుంది.

చిలగడదుంప కూడా మొలకెత్తుతుంది కదా, దాన్ని కాండం అనకుండా వేరు అంటారెందుకు?

మంచి ప్రశ్న. చిలగడదుంప కాండం కాదు, వేరు. దాని మీద కన్నులు ఒక వరుసలో ఉండవు, కనుబొమలూ ఉండవు. అయితే కొన్ని మొక్కల వేర్లు అవసరమైతే కొత్తగా మొగ్గలు తయారు చేసుకోగలవు. చిలగడదుంప ఆ రకం. కరివేపాకు కూడా అంతే, చెట్టుకు నాలుగడుగుల దూరంలో లేచే పిలకలు వేరు నుంచి వచ్చినవే. కాబట్టి మొలకెత్తిన ప్రతిదీ కాండం కాదు. రణపాల అయితే ఆకు అంచు మీదే పిల్లల్ని పుట్టిస్తుంది, దాని లెక్కే వేరు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ కర్రపెండలం. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం కోసం పండించే పంట. తినేది వేరు, నాటేది కర్ర. ఆ వేరును నాటితే కుళ్ళిపోతుందంతే. కర్రను జానెడు ముక్కలుగా కోసి గుచ్చితే మొలుస్తుంది, ఎందుకంటే కణుపులు కర్ర మీదే ఉన్నాయి.

అసలు మొక్క కాండాన్ని మట్టిలో ఎందుకు దాచుకుంటుంది?

ఎండాకాలం గడవాలి కాబట్టి. పసుపు మడిని సంక్రాంతి దాటాక చూడండి, ఆకులన్నీ పండి వాలిపోతాయి, పైరు చచ్చిందనిపిస్తుంది. కింద కొమ్ములో పిండిపదార్థం నిండా ఉంటుంది, మొగ్గలు నిద్రలో ఉంటాయి. తొలకరి తడి తగలగానే లేస్తాయి. గింజ నుంచి మొలిచిన మొక్క చేతిలో ఉన్న పెట్టుబడి గింజంత. కొమ్ము నుంచి లేచిన మొక్క తాతల ఆస్తితో వ్యాపారం మొదలుపెట్టినట్టు. మొదటి వారంలోనే పక్కవాటిని దాటి వెలుతురు అందుకుంటుంది.

పసుపుకు గింజలు ఎందుకు ఉండవు?

పూత వస్తుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది కూడా. గింజ మాత్రం దాదాపు పట్టదు. చాలా మొక్కల్లో క్రోమోజోములు రెండేసి చొప్పున జతగా ఉంటే, మనం పండించే పసుపులో మూడేసి ఉంటాయి. ముగ్గురిని జతలుగా నిలబెట్టమంటే ఒకరు మిగిలిపోతారు కదా, గింజ తయారీ అక్కడే ఆగిపోతుంది.

అందుకే ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తన పసుపు కావాలి. పెట్టుబడిలో పెద్ద భాగం దానికే పోతుంది. దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట అని ఊరి పేర్లతో పిలిచే రకాలన్నీ ఇలా కొమ్ము నుంచి కొమ్ముగా చేతులు మారుతూ వచ్చినవే. మొక్క అడుగున గుండ్రంగా ఉండేది తల్లి దుంప. దాని కణుపుల నుంచి వేళ్లలా చీలినవి పిల్ల కొమ్ములు. మార్కెట్ యార్డులో రెండింటికీ ధర వేర్వేరుగా పలుకుతుంది.

కొమ్ము, దుంప, కందం, లశునం: తేడా ఏమిటి?

పరీక్షకైతే ఇంతే. అడ్డంగా పాకేది కొమ్ము (రైజోమ్): అల్లం, పసుపు. మట్టిలోని కొమ్మ చివర ఉబ్బితే దుంప (ట్యూబర్): బంగాళాదుంప. నిలువుగా ఎదిగే లావుపాటి కాండం కందం: చామ, కంద. పొట్టి కాండం చుట్టూ మందపాటి ఆకులు కప్పుకుంటే లశునం: ఉల్లి, వెల్లుల్లి.

కంద గురించి మాత్రం ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి. మచ్చలమచ్చలుగా నడుమెత్తు లేచే గడను అందరూ కాండం అనుకుంటారు. అది ఆకు కాడ! పైన గొడుగులా విచ్చుకున్నదంతా కలిపి ఒకే ఒక్క ఆకు. అసలు కాండం మనం కోసి బచ్చలితో వండేది. ఆ ఆకు సంపాదించిందంతా కిందకు పంపి, పాత కందను కరిగించుకుని, దాని నెత్తిన కొత్త కందను తయారు చేస్తుంది. నడిమధ్య గుంటలో ఉండే గులాబీ రంగు మొగ్గే దాని ప్రాణం. కందను ముక్కలు చేసి నాటేటప్పుడు ప్రతి ముక్కకూ ఆ మధ్య మొగ్గలో కొంత వచ్చేలా, కేకు కోసినట్టు కోస్తారు. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం ఇప్పుడు రాష్ట్రం దాటి చాలా చోట్ల పండుతోంది.

ఉల్లిపాయలో మనం తినేది కాండమా?

ఆకులు. ఉల్లిపాయను నిలువునా రెండుగా కోయండి. అడుగున వేర్లకు పైన బిళ్లలా తెల్లగా, గట్టిగా ఉండేదే కాండం. కూరకు తరిగేటప్పుడు మీరు కోసి పారేసే భాగం. ఒకవేళ పారేయకుండా తడి మట్టిలో పెడితే వారంలో ఉల్లికాడలు వస్తాయి.

అరటి చెట్టుకు కాండం ఉందా లేదా?

ఉంది, కానీ నిలబడి కనిపించేది అది కాదు. పైన స్తంభంలా కనిపించేదంతా ఆకుల అడుగు భాగాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న చుట్ట. పొర తర్వాత పొర ఒలుస్తూ పోతే అర్థమవుతుంది. నిజమైన కాండం మట్టిలో ఉన్న గడ్డ. చెట్టు ముదిరాక ఆ గడ్డ కొన మొగ్గ పూతగా మారి, చుట్ట మధ్యలోంచి పైకి తోసుకొచ్చి గెలగా వేలాడుతుంది. గెల కోశాక చెట్టు నరికి, పొరలన్నీ ఒలిచి, మధ్యలోంచి తీసే తెల్లటి కర్రే దూట. కొందరు దవ్వ అంటారు. దూట ఆవపెట్టి కూర తిన్నవాళ్లు అరటి కాండాన్ని తిన్నట్టే. దాన్ని చక్రాలుగా తరిగేటప్పుడు వేలికి చుట్టుకునే దారాలు కాండంలోని నాళాలు.

కొన మొగ్గ గెలగా మారిపోయాక ఇక పైకి ఎదగడానికి ఏమీ మిగలదు. అందుకే అరటి ఒకసారే కాస్తుంది. వంశం నిలిపేది గడ్డ పక్క మొగ్గల నుంచి లేచే పిలకలు.

ఏ పిలక నాటాలి?

ఆకులు కత్తిలా సన్నగా, అడుగు లావుగా ఉన్న పిలక. అది తల్లి గడ్డకు గట్టిగా అంటుకుని, లోతు నుంచి తిండి తీసుకుంటూ వచ్చింది. వెడల్పు ఆకులతో ముద్దుగా కనిపించే నీటి పిలకకు కింద గడ్డ బలం ఉండదు, దాన్ని నాటితే గెల చిన్నది. నేను మొదటిసారి ముద్దుగా ఉన్నదే తెచ్చి నాటాను.

చెరకును ముక్కలుగా కోసే ఎందుకు నాటుతారు? గడ మొత్తం పడుకోబెడితే ఏం?

కొన మొగ్గ పెత్తనం వల్ల. ప్రతి కొమ్మ కొనలోనూ ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందకు దిగుతుంది. అది దిగుతున్నంతకాలం కింది మొగ్గలు నోరెత్తవు. గడ మొత్తం పెడితే కొనవైపు కన్నులు లేస్తాయి, అడుగువి చాలావరకు నిద్రపోతాయి. మూడు కళ్ల ముచ్చెలుగా కోస్తే ప్రతి ముచ్చెకూ పెద్దరికం వచ్చేస్తుంది. గులాబీ కొన గిల్లితే గుబురుగా రావడం, గోరింటాకు కత్తిరిస్తే చిక్కబడటం ఇదే సూత్రం. చెరకు నరికాక మొదళ్లలోని కన్నుల నుంచి వచ్చేదే కార్శి తోట. వరి పిలకలు వేయడం కూడా అడుగు కణుపుల పనే. శ్రీ పద్ధతిలో లేత నారును ఒక్కొక్కటిగా, 25 సెంటీమీటర్ల ఎడంతో నాటేది ఆ కణుపులకు చోటు, వెలుతురు దొరికి పిలకలు ఎక్కువ రావాలనే.

తుంగ ఎన్నిసార్లు పీకినా ఎందుకు వస్తుంది?

ఇల్లు కట్టుకున్న కొత్తలో పెరటికి ఒక నర్సరీ నుంచి ట్రాలీ ఎర్రమట్టి తెప్పించాను. మట్టికి డబ్బు తీసుకున్నారు, తుంగ గడ్డలు ఉచితంగా ఇచ్చారు. నెలకు అక్కడక్కడా పచ్చగా లేచింది. బోటనీ చదువుకున్నవాణ్ని అయ్యుండీ ఆవేశంతో పలుగు పెట్టి మొత్తం తవ్వించాను. మరో మూడు వారాలకు పెరడంతా చాప పరిచినట్టు తుంగ.

జరిగిందేమిటంటే, తుంగ మొక్క కింద సన్నటి కొమ్మలు నాలుగు వైపులా పాకుతాయి. వాటి చివర నల్లటి గడ్డ ఒకటి. ఆ గడ్డ నుంచి మళ్లీ కొమ్మ, మళ్లీ గడ్డ. పూసలదండలా గొలుసు. ఈ గొలుసులోనూ కొన పెత్తనం ఉంటుంది. చివరి గడ్డ మేలుకుని ఉంటే వెనకవి చాలావరకు నిద్రలో ఉంటాయి. పలుగుతోనో రోటవేటర్‌తోనో గొలుసు తెంపితే ప్రతి గడ్డా స్వతంత్రం వచ్చిందని లేస్తుంది. చేత్తో పీకితే పైన ఆకు ఊడొస్తుంది, గడ్డ అక్కడే ఉంటుంది. పైన షీటు పరిచినా సూదిలాంటి మొలకతో పొడుచుకొస్తుంది.

నాకు పనిచేసింది రెండు పద్ధతులు. మొదటిది ఎండ: నడివేసవిలో, మట్టి పొడిగా ఉన్నప్పుడు తిరగేసి గడ్డలను పైకి తేవడం, పది రోజులాగి మళ్లీ తిరగేయడం. గడ్డ లోపలి తడి ఆరితే చస్తుంది. తడి మట్టిలో తవ్వితే మాత్రం మీరే నాట్లు వేసినట్టు. రెండోది ఓపిక: మొలక కనిపించిన మూడు వారాల్లోపు తీసేస్తూ ఉండటం. అంతకు మించితే కింద కొత్త గడ్డలు పెట్టడం మొదలవుతుంది. ప్రతిసారీ కొత్త మొలక కోసం గడ్డ తన నిల్వ ఖర్చు పెట్టుకుంటుంది, చివరికి దివాలా తీస్తుంది. నా పెరట్లో అందుకు రెండు వేసవులు పట్టింది. నీడ కూడా దానికి పడదు, గుబురుగా కమ్మే బొబ్బర్లలాంటిది వేస్తే తగ్గుతుంది. ఇంత తిట్టుకున్నా ఒకటి ఒప్పుకోవాలి, గడ్డను గోటితో గిల్లితే వాసన బ్రహ్మాండం. తుంగముస్తలని ఆయుర్వేద దుకాణాల్లో కొనేది ఇదే.

గరిక కూడా అలాంటిదేనా?

ఇంకా ఘనమైనది. పైన నేల మీద పాకే తీగ ఒకటి, కింద మట్టిలో పాకే కొమ్ము ఒకటి, రెండూ దానికి ఉన్నాయి. పశువు పైది మేస్తే కింద నుంచి వస్తుంది. పూజల్లో దూర్వను స్తుతించే మంత్రంలో "కాండాత్ కాండాత్ ప్రరోహంతీ" అనే మాట ఉంది. కాండం నుంచి కాండంగా మొలుచుకొచ్చేదానా అని. గరిక తీగ ఎత్తి చూస్తే ప్రతి కణుపు దగ్గరా కింద వేరు, పైన ఆకు కనిపిస్తాయి. ఆ మాట అన్నవాళ్లు గరికను వంగి, దగ్గర్నుంచి చూసినవాళ్లే.

రన్నర్, స్టోలన్, ఆఫ్‌సెట్, సక్కర్ తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లూనితే రన్నర్: గరిక, సరస్వతి ఆకు, లంబసింగిలో పండిస్తున్న స్ట్రాబెర్రీ. కొమ్మ ముందు పైకి లేచి, వంగి, నేల తాకిన చోట వేళ్లూనితే స్టోలన్: మల్లె. మల్లె కొమ్మను వంచి మట్టి కప్పి నేల అంటు కట్టడం దాని అలవాటునే వాడుకోవడం. నీటి మీద ఒకే ఒక్క పొట్టి కాడతో పిల్ల మొక్క వస్తే ఆఫ్‌సెట్: గుర్రపుడెక్క, అంతరతామర. మట్టిలో పుట్టి ఏటవాలుగా పైకి తేలితే సక్కర్: చేమంతి, పుదీనా. పుదీనాను నేలలో వేయకండి, కుండీలో పెట్టుకోండి. ఎందుకో ఆరు నెలల్లో తెలుస్తుంది.

గుర్రపుడెక్క అంత వేగంగా ఎలా కమ్ముకుంటుంది?

చేతిలోకి తీసుకుంటే బుడగలా ఉబ్బి ఉండేది కాండం కాదు, గాలి నింపుకున్న ఆకు కాడ. తేలడానికి ఆ ఏర్పాటు. కాండం అడుగున అంగుళాల్లో ఉంటుంది. దాని పక్క మొగ్గ నుంచి కాడ సాగి, చివర పిల్ల మొక్క పెడుతుంది. కాడ తెగినా నష్టం లేదు, పిల్ల కొట్టుకుపోయి ఇంకోచోట కాపురం పెడుతుంది. వెచ్చటి, ఎరువులు కలిసిన నీళ్లు దొరికితే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పదిసార్లు రెట్టింపైతే ఒక్క మొక్క వెయ్యి దాటుతుంది. డెల్టా కాలువల్లో, కొల్లేరులో అవే ఎరువుల నీళ్లు. దక్షిణ అమెరికా నుంచి అందమైన పువ్వు కోసం తెచ్చుకున్న మొక్క ఇది.

నల్లేరు మెలిక తిరిగే తీగలు కాండమేనా?

అవును. ఆకుకు ఎదురుగా కణుపు నుంచి వచ్చే నులితీగ కాండం మారిన రూపం, ద్రాక్షలోనూ అంతే. నలుపలకల నల్లేరు కణుపు దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది, విరిస్తే అక్కడే పుటుక్కుమంటుంది. ఒక్క ముక్క గుచ్చితే చాలు, పాకుతుంది. నల్లేరు మీద బండి నడక అంటాం కదా, చక్రం కింద మెత్తగా నలుగుతుందనే ఆ మాట. బండి సాఫీగానే పోతుంది, కానీ చక్రం విరిచిన ముక్కలు తడి తగిలితే మళ్లీ మొలుస్తాయి. పచ్చడికి లేత కణుపులే తీసుకోండి, చేతికి నూనె రాసుకోండి, లేకపోతే దురద.

ముళ్లన్నీ కాండాలేనా?

లేదు. నిమ్మ ముల్లు, కాగితాల పువ్వు ముల్లు ఆకు సందులోంచి వస్తాయి, అవి కాండాలు. గులాబీ ముల్లు చర్మం మీది బొడిపె, పక్కకు తోస్తే ఊడిపోతుంది. నాగజెముడు ముల్లు ఆకు మారిన రూపం, ఆకులా కనిపించే పచ్చటి అట్ట కాండం. ఆ అట్ట ఒక్కటి విరిగి పడినా వేళ్లూనుతుంది. దక్షిణాదిలో పొలాలకు పొలాలు ఆక్రమించిన నాగజెముడును 1920లలో తెచ్చి వదిలిన ఒక రకం కోచినీల్ పురుగు తగ్గించింది.

సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఇంకో మోసం ఉంది. సూదుల్లాంటివి ఆకులు కావు, పచ్చటి సన్నటి కొమ్మలు. ఒక సూదిని లాగితే కణుపు దగ్గర ఊడుతుంది. మళ్లీ గుచ్చి "ఎక్కడ విరిచానో చెప్పు" అని ఆడే ఆట గుర్తుందా? ఊడిన చోట అంచు చుట్టూ పళ్లలా కనిపించే చిన్న పొలుసులే దాని ఆకులు.

ఇలా కాండం నుంచే పెంచుకుంటూ పోతే నష్టం లేదా?

ఉంది. అన్నీ ఒకే మొక్కకు నకళ్లు కాబట్టి ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపగలదు. 1845లో ఐర్లాండులో పేదలంతా దాదాపు లంపర్ అనే ఒకే రకం బంగాళాదుంప మీద బతుకుతున్నప్పుడు ఆకుమాడు తెగులు వచ్చింది. ఆ కరవులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. గ్రాస్ మిషెల్ అరటిని పనామా తెగులు తుడిచిపెట్టాకే ప్రపంచ మార్కెట్ కావెండిష్‌కు మారింది. మన పసుపులో దుంపకుళ్ళు కూడా విత్తన కొమ్ముతోనే కొత్త పొలానికి ప్రయాణం చేస్తుంది. ధర తక్కువని ఎక్కడిదో తెలియని విత్తనం కొనకండి.

బంగాళాదుంప పచ్చబడితే తినొచ్చా? వంటింట్లో మొలకొచ్చిన అల్లం నాటొచ్చా?

దుంప కాండం కాబట్టే వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చదనంతో పాటు సొలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది, ఉడికించినా పూర్తిగా పోదు. కాస్త పచ్చగా ఉంటే లోతుగా చెక్కేయండి. బాగా పచ్చబడినా, చేదుగా ఉన్నా పారేయండి. నాటుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

అల్లం నిరభ్యంతరంగా నాటొచ్చు. మొలక ఉన్న రెండంగుళాల ముక్క తీసుకుని, కోసిన చోట ఒక రోజు ఆరనిచ్చి, మొగ్గ పైకి ఉండేలా రెండంగుళాల లోతులో పెట్టండి. మే నెల మంచిది. నీళ్లు నిలిస్తే కుళ్ళుతుంది. మూడు నాలుగు వారాల దాకా పైన ఏమీ కనిపించదు. వచ్చిందో లేదో అని తవ్వి చూడకండి.